త్రాగుడు మానదలచిన వారికి తోడ్పాటు

2020వ సంవత్సరము మార్చి నెల చివరి వారము. కరోనా వ్యాధి వ్యాపించకుండుటకై దేశమంతట రాకపోకలు నిలిపివేయబడినవి. మద్యము దుకాణములు, కల్లు దుకాణములు ఒక్కసారిగా మూతపడినవి. కొద్ది దినములు గడిచేసరికి హైదరాబాదులోని ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు వచ్చే రోగుల సంఖ్య ఎన్నడును లేనంతగా పెరిగినది. చేతుల వణుకు, నిద్రలేమి, భయము, మూర్ఛలు, లేని మనుషులతో మాటలాడుట - ఇవి వారి బాధలు. వారెవరును ఆ దినము త్రాగి వచ్చినవారు కారు. త్రాగకపోవుట వలన జబ్బు పడినవారు.

అదే సమయములో కేరళలో కొందరు ఆత్మహత్యలకు కూడ పాల్పడినారు. డాక్టరు చీటీ తెచ్చినవారికి మద్యము అందించుటకు ఆ రాష్ట్ర ప్రభుత్వము మార్చి 30వ తేదీన ఉత్తర్వు వెలువరించినది. రోగికి మద్యమునే మందుగా వ్రాసి ఇచ్చుట వైద్యము కాదని డాక్టర్ల సంఘములు అభ్యంతరము తెలిపినవి. ఏప్రిల్ 2వ తేదీన హైకోర్టు ఆ ఉత్తర్వును నిలిపివేసినది.

విషము మానితే మేలు కలుగవలెను గదా, కీడు ఎందుకు కలిగినది? దీనికి సమాధానము తెలిస్తే త్రాగుబోతును తిట్టుట వలన గాని, ఒట్టు వేయించుట వలన గాని పని జరగకపోవుటకు కారణము కూడ కొంత తెలుస్తుంది.

కావడిలో ఒక కుండ

మెదడులో జరిగే పనులను ఉద్రేకపరచే రసాయనములు కొన్ని, శాంతపరచే రసాయనములు కొన్ని కలవు. మొదటి జాతిలో గ్లూటమేట్, రెండవ జాతిలో గాబా అనునవి ముఖ్యములు. మద్యము గాబా పనిని హెచ్చిస్తుంది, గ్లూటమేట్ పనిని అణచివేస్తుంది. త్రాగినవానికి మొదట కలిగే హాయి, తరువాత వచ్చే మాట తడబాటు, నిద్ర వీనివల్లనే కలుగుతున్నవి.

ప్రతిదినము ఇట్లు జరుగుచుండగా మెదడు ఊరకుండదు. బయటినుండి వచ్చే అణచివేతకు సరితూగునట్లు తనలోని ఉద్రేకమును పెంచుకొంటుంది. కావడి మోసేవానిని చూడండి. ఒక ప్రక్క కుండ బరువెక్కితే రెండవ ప్రక్క కూడ బరువు వేసి సరిచేసుకొంటాడు. ఒక కుండను ఎవరైనా హఠాత్తుగా ఊడదీస్తే రెండవది నేలకు కొట్టుకొంటుంది. ఏండ్ల తరబడి త్రాగినవాడు ఒక్క దినములో మానివేస్తే జరిగేది ఇదే. అణచేది పోయినది, ఉద్రేకము మాత్రము మిగిలినది.

కడపటి గ్లాసు త్రాగిన ఆరు గంటలనుండి చేతులు వణకుట, చెమట, వాంతి, గుండెదడ కనిపిస్తవి. రెండు దినములలోపల మూర్ఛలు రావచ్చును. రెండవ దినము మొదలు నాలుగవ దినమువరకు గల కాలములో కొందరికి సన్నిపాతము వంటి స్థితి వస్తుంది. గోడలపై పురుగులు ప్రాకుచున్నట్లు తోస్తుంది. తానెక్కడ ఉన్నదీ తెలియదు. జ్వరము, రక్తపు పోటు హెచ్చుతవి. దీనికి 1813లో థామస్ సట్టన్ అను ఇంగ్లీషు వైద్యుడు డెలీరియం ట్రెమెన్స్ అని పేరు పెట్టినాడు. వైద్యము లేకపోతే ఇది ప్రాణము తీయగలదు. సకాలములో వైద్యము చేస్తే నూటికి తొంబదియైదుగురికి పైగా బ్రతుకుతారు.

త్రాగేవారందరికీ ఇంత బాధ రాదు. చాలమందికి నాలుగైదు దినముల వణుకుతో పోతుంది. కాని ఇదివరలో మానినప్పుడు మూర్ఛ వచ్చినవారు, తెల్లవారగానే చేతి వణుకు తగ్గుటకు త్రాగవలసి వచ్చేవారు, కాలేయపు జబ్బు గలవారు, వృద్ధులు ఇంటివద్ద ఒక్కసారిగా మానివేయుట క్షేమము కాదు. అట్టివారిని గదిలో పెట్టి తాళము వేయుట మరింత ప్రమాదము. ఆసుపత్రిలో డయజిపామ్, క్లోర్డయజెపాక్సైడ్ జాతి మందులు ఇచ్చి, వారము దినములలో కొంచెము కొంచెముగా తగ్గిస్తారు. కాలేయము చెడినవారికి లొరజిపామ్ వాడుతారు. ఊడిపోయిన కుండ స్థానములో తాత్కాలికముగా మరొక బరువు వేసి, దానిని మెల్లమెల్లగా దించుట అన్నమాట. ఈ మందులను సొంతముగా కొని వాడితే వీనికే అలవాటు పడే అపాయము ఉన్నది.

దీనితో ముడిపడిన సంగతి మరొకటి కలదు. ఒకప్పుడు ఉత్తర సర్కారు జిల్లాలలో మరబియ్యము తినేవారికి బెరిబెరి వ్యాధి హెచ్చుగా వచ్చేది. దానికి కారణము బి1 విటమిను, అనగా థయామిన్, లోపించుట. త్రాగుబోతులలో అదే లోపము మరొక రూపములో కనబడుతుంది. వారు సరిగా తినరు; తిన్న దానినుండి థయామినును ప్రేగులు పీల్చుకొనకుండ మద్యము అడ్డుతుంది. చూపు చెదరుట, నడక తూలుట, మనసు తికమక పడుట దీని గుర్తులు. 1881లో వెర్నికె అను జర్మను వైద్యుడు దీనిని వర్ణించినాడు. అశ్రద్ధ చేస్తే జ్ఞాపకశక్తి శాశ్వతముగా పోతుంది. ఊళ్లలో నీరసపడిన ప్రతివానికీ గ్లూకోజు బాటిలు ఎక్కించమని అడుగుట పరిపాటి. థయామిను ఇవ్వకుండ గ్లూకోజు ఎక్కిస్తే శరీరములో మిగిలియున్న కొద్దిపాటి థయామినూ ఖర్చయిపోయి జబ్బు ముదురుతుంది. అందుచేత ముందు థయామిను ఇంజెక్షను, తరువాతనే గ్లూకోజు. సూది వేసేవానికి ఈ ఒక్క మాట గుర్తుచేసినందువలన ఒక మనిషి జ్ఞాపకశక్తి దక్కవచ్చును.

త్రాగినది ఏమిటో డాక్టరుకు చెప్పుట కూడ అవసరము. తెలంగాణలో కల్లు అను పేరుతో అమ్మే దానిలో క్లోరల్ హైడ్రేట్, డయజిపామ్, ఆల్ప్రజోలామ్ కలుపుట ఎన్నోసార్లు పట్టుబడినది. 2015లో ఇట్టి కల్తీని అరికట్టినప్పుడు పలు జిల్లాలలో జనము వింతగా ప్రవర్తించి ఆసుపత్రుల పాలైనారు. వారికి వచ్చినది కల్లు మానిన జబ్బు కన్న మత్తుమందు మానిన జబ్బు.

ఎంత అయితే ఎక్కువ?

"నేను రోజూ ఒక్క క్వార్టరే" అనువారు తాము మితముగానే త్రాగుచున్నామని నమ్ముతారు. లెక్క చూద్దాము. ముప్పది మిల్లీలీటర్ల విస్కీలో సుమారు 10 గ్రాముల శుద్ధమైన ఆల్కహాలు ఉంటుంది. దీనిని ఒక ప్రమాణముగా తీసుకొంటే, 180 మిల్లీలీటర్ల క్వార్టరు ఆరు ప్రమాణములు. 650 మిల్లీలీటర్ల మామూలు బీరు సీసా రెండున్నర. స్ట్రాంగ్ బీరు అయితే దాదాపు నాలుగు. "బీరే గదా" అను మాటకు ఈ లెక్కలో చోటు లేదు.

అయితే కొలత ఒక్కటే వ్యసనమును నిర్ణయించదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారు చేయించిన ఆడిట్ అను ప్రశ్నావళిలో పది ప్రశ్నలు కలవు. ఎంత తరచుగా త్రాగుతారు, మొదలుపెట్టిన తరువాత ఆపుకొనలేకపోవుట కలదా, ఉదయముననే త్రాగవలసి వచ్చినదా, త్రాగినందుకు పశ్చాత్తాపపడినారా, మీ త్రాగుడు వలన ఎవరికైనా దెబ్బ తగిలినదా - ఇట్లు సాగుతవి. మొత్తము 40 మార్కులు. ఎనిమిది గాని, అంతకు మించి గాని వస్తే హాని మొదలైనట్లు. ఇరువది గాని, అంతకు మించి గాని వస్తే వ్యసనము ముదిరినదేమో పరీక్షించవలెను. ఆరోగ్య కార్యకర్త అయిదు నిమిషములలో ఈ ప్రశ్నలు అడుగగలదు. పరీక్షలో మార్కులు తక్కువ వచ్చినందుకు సంతోషించవలసిన సందర్భము బహుశః ఇది ఒక్కటే.

మాటలతో వైద్యము

శరీరమునుండి మద్యము వెడలిపోవుటకు వారము చాలును. ఆసుపత్రి నుండి ఇంటికి వచ్చిన తరువాత అదే వీధి, అదే దుకాణము, అదే స్నేహితులు. అసలు చికిత్స ఇక్కడ మొదలవుతుంది.

చాలకాలము వైద్యులు కూడ గద్దించుటయే మార్గమనుకొన్నారు. త్రాగుబోతు తన తప్పును ఒప్పుకొనడు గనుక నలుగురిలో నిలదీసి ఒప్పించవలెనని వారి భావము. 1977లో లండనులో గ్రిఫిత్ ఎడ్వర్డ్స్ మొదలైనవారు ఒక పరిశోధన ఫలితములు ప్రకటించినారు. నూరుగురు వివాహితులైన పురుషులలో సగముమందికి అప్పటికి తెలిసిన చికిత్స అంతయు చేసినారు. తక్కినవారిని భార్యలతోపాటు కూర్చుండబెట్టి, సానుభూతితో ఒక్కసారి సలహా చెప్పి పంపినారు. ఏడాది తరువాత చూడగా రెండు వర్గముల మధ్య చెప్పుకోదగిన భేదము కనిపించలేదు. పెద్ద పెద్ద ఏర్పాట్లు చేసి సంతోషించిన ఆసుపత్రులకు ఇది కొంచెము చేదుగానే ఉండియుండవచ్చును. కాని దీనినుండి ఒక మేలు జరిగినది. సలహా చెప్పే తీరుపై దృష్టి పడినది.

1983లో అమెరికా మనస్తత్వవేత్త విలియం మిల్లర్ ఒక పద్ధతిని వర్ణించినాడు. త్రాగేవానిలో మానవలెనను కోరిక, త్రాగవలెనను కోరిక రెండును ఒకేసారి ఉంటవి. ఎదుటివాడు మానుమని వాదిస్తే, త్రాగేవాడు సహజముగా రెండవ పక్షము వహించి వాదిస్తాడు. వాదించిన కొలది తన మాటను తానే నమ్ముతాడు. కాబట్టి మానుటకు గల కారణములను అతని నోటనే పలికించవలెను. ఇది ఆచరణలో ఎట్లుంటుందో చూచుటకు ఒక తాపీమేస్త్రి ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు కడుపునొప్పితో వచ్చినాడని ఊహించుకొందాము. ఎదుట కౌన్సిలరు కూర్చుండియున్నది.

"తాగితే మీకు బాగుండేదేమిటి, మేస్త్రి గారూ?"

"ఒళ్లు నొప్పులు తెలియవమ్మా. పొద్దుటినుంచి ఇటికలు పేర్చి నడుము పడిపోతుంది. ఓ క్వార్టరు పడితే నిద్రొస్తుంది."

"మరి బాగుండనిది?"

కొంతసేపు మాట లేదు. "మా చిన్నది నేను ఇంటికొస్తే పక్కింటికి పోతుంది."

"మిమ్మల్ని చూసి పిల్ల వెళ్లిపోతోంది. అది మీకు కష్టంగా ఉంది."

"ఉండదా అమ్మా? పోయిన నెలలో ఒకరోజు తాగకుండా వచ్చాను. ఆవేళ నా పక్కనే కూచుని అన్నం తింది."

"ఆవేళ తాగకుండా ఎలా రాగలిగారు?"

"శనివారం కూలి డబ్బులు మా ఆవిడ వచ్చి తీసుకుంది. నా చేతిలో బస్సు చార్జీలే ఉన్నాయి. దుకాణం ముందునుంచే వచ్చాను గానీ ఆగలేదు."

కౌన్సిలరు ఇంతవరకు మానుమని ఒక్కసారియు అనలేదు. త్రాగుడు వలన కాలేయము చెడుతుందని బొమ్మ చూపి భయపెట్టలేదు. మానుటకు కారణము, మానగలిగిన దినము, మానుటకు ఉపాయము మూడును మేస్త్రియే చెప్పినాడు. తరువాతి పని ఆ ఉపాయమును గట్టిపరచుటయే. ప్రతి శనివారము కూలి భార్య చేతికి ఇవ్వవలెనని కాంట్రాక్టరుతో మేస్త్రియే మాటలాడుట, నడుమునొప్పికి డాక్టరును చూచుట, దుకాణము లేని దారిని ఇంటికి పోవుట, తోటి మేస్త్రి "పదరా" అన్నప్పుడు ఏమి చెప్పవలెనో ముందే అనుకొనుట. రెండవసారి వచ్చినప్పుడు ఏది పనిచేసినది, ఏది చేయలేదు అని చూస్తారు.

ఇట్టి పనికి మానసిక వైద్యులే కావలెనంటే మన దేశములో సాగదు. వారి సంఖ్య అతి స్వల్పము. గోవాలో సంగత్ అను సంస్థవారు ఈ చిక్కును మరొక విధముగా పరిష్కరింపజూచినారు. మానసిక వైద్యములో ఏ డిగ్రీయు లేని స్థానికులకు శిక్షణ ఇచ్చి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో కూర్చుండబెట్టినారు. హానికరముగా త్రాగే 377 మంది పురుషులపై జరిగిన ఈ పరీక్ష 2017లో ప్రకటింపబడినది. నాలుగుసార్లకు మించని సంభాషణలు. మూడు నెలల తరువాత, మామూలు వైద్యము మాత్రమే పొందినవారిలో నూటికి 26 మంది హానికరమైన త్రాగుడునుండి బయటపడగా, కౌన్సిలింగు పొందినవారిలో 36 మంది బయటపడినారు. ఏడాదికి ఈ సంఖ్యలు 32, 54 అయినవి. అయితే త్రాగుట కొనసాగించినవారు త్రాగే పరిమాణము దీనివలన తగ్గలేదు. వ్యసనము బాగా ముదిరినవారిని ఈ పరీక్షలో చేర్చుకొనలేదనునది కూడ గుర్తుంచుకొనవలెను. వారికి ఇది ఒక్కటే చాలదు.

కూరలో కలిపే మందు

"రోగికి తెలియకుండ త్రాగుడు మాన్పించబడును" అను ప్రకటనలు గోడలపై కనబడుతుంటవి. ఆశపడి కొన్న పొడులలో ఏమున్నదో కొన్నవారికి తెలియదు. కొందరు ఇల్లాండ్రు మందుల దుకాణములో డైసల్ఫిరామ్ బిళ్లలు సంపాదించి, నూరి, కూరలో కలిపి పెడుతున్నారు. వారి దుఃఖము అర్థము చేసుకోదగినదే గాని, ఆ పని ప్రాణాపాయము.

మద్యము శరీరములో మొదట ఎసిటాల్డిహైడ్ అను విషపదార్థముగా మారుతుంది. ఒక ఎంజైము దానిని వెంటనే ఎసిటిక్ ఆమ్లముగా మార్చి హానిలేకుండ చేస్తుంది. డైసల్ఫిరామ్ ఆ ఎంజైమును అడ్డగిస్తుంది. డెన్మార్కు శాస్త్రజ్ఞులు హాల్డ్, యాకబ్సెన్ అనువారు ఈ పదార్థమును ప్రేగులలోని పురుగులకు మందుగా పరీక్షించుచు తామే మ్రింగిచూచినారు. ఆ తరువాత మద్యము ముట్టగా ఒళ్లు సుస్తీ చేసినది. దానినుండి ఈ మందు పుట్టినది. బిళ్ల వేసుకొన్నవాడు త్రాగితే ముఖము ఎర్రబారి, తలనొప్పి, వాంతులు, గుండెదడ కలుగుతవి. రక్తపు పోటు పడిపోవచ్చును. గుండెజబ్బు గలవాడు మరణించవచ్చును. తాను మందు తిన్నట్లు తెలియనివాడు మామూలుగానే ఒక క్వార్టరు త్రాగుతాడు. అతనికి గాని, చూచిన డాక్టరుకు గాని కారణము తెలియదు. బిళ్ల మానిన తరువాత కూడ రెండు వారములవరకు ఈ ప్రభావము ఉంటుంది. రోగికి చెప్పి, ఒప్పించి, గుండె, కాలేయము పరీక్షించి, ఇంటివారు ఎవరైనా ఎదుట ఉండి ప్రతి ఉదయము వేయించితే అదే మందు బాగా పనిచేస్తుంది. మందు ఒక్కటే, దాపరికములో ఉన్నది తేడా.

నాల్ట్రెక్సోన్, ఎకాంప్రోసేట్ అను మందులు వేరు జాతివి. ఇవి త్రాగితే బాధపెట్టవు. త్రాగవలెనను తహతహను, త్రాగినప్పటి సుఖమును తగ్గిస్తవి. ఏది ఎవరికి తగునో డాక్టరు నిర్ణయించవలెను.

ఒకే పడవలోనివారు

1935లో అమెరికాలోని ఏక్రన్ నగరములో బిల్ విల్సన్ అను షేరు వ్యాపారి, బాబ్ స్మిత్ అను సర్జను కలిసికొన్నారు. ఇద్దరును త్రాగుడు వలన చెడినవారే. త్రాగుడు మానినవాడు మరొక త్రాగుబోతుతో మాటలాడితే ఇద్దరికీ మేలు కలుగుతుందని వారు గ్రహించినారు. ఆల్కహాలిక్స్ అనానిమస్ అట్లు పుట్టినది. సభ్యత్వమునకు రుసుము లేదు, ఇంటిపేరు అడుగరు, మానవలెనను కోరిక ఉంటే చాలును. త్రాగుబోతుల ఇంటివారికై 1951లో అల్-అనాన్ వేరుగా ఏర్పడినది. మన దేశములోని నగరములలో కూడ ఈ సభలు జరుగుచున్నవి.

ఇవి శాస్త్రీయమా అని చాలకాలము సందేహము ఉండేది. 2020లో 27 పరిశోధనలను, పదివేలకు పైగా వ్యక్తుల వివరములను కలిపి చూచిన కాక్రేన్ సమీక్ష, పూర్తిగా మానివేయు విషయములో ఈ మార్గము ఇతర చికిత్సలకు సమానముగానో, కొంచెము మిన్నగానో ఉన్నదని తేల్చినది. దీనిలోని దైవప్రసక్తి కొందరికి నచ్చదు. నచ్చనివారు మరొక మార్గమున పోవచ్చును.

దక్షిణదేశములో 1980లో శాంతీ రంగనాథన్ మద్రాసులో టి.టి. రంగనాథన్ స్మారక చికిత్సా సంస్థను నెలకొల్పినది. త్రాగుడునకు బలియైన భర్త పేర వెలసిన సంస్థ అది. రోగితోపాటు కుటుంబమును కూడ చికిత్సలో చేర్చుట అక్కడి పద్ధతి. ఆసుపత్రికి రాలేని పల్లెవాసులకై తంజావూరు ప్రాంతపు మంజక్కుడి గ్రామములో శిబిరములు కూడ నడిపినారు. చికిత్స పొందిన వ్యక్తిని తిరిగి కనిపెట్టియుండుటకు ఊరే తోడైనది.

కుటుంబమును చేర్చుట అనగా భార్యపై మరొక భారము మోపుట కాదు. అతని అప్పులు తీర్చుట, పనికి రాలేదని యజమానికి అబద్ధము చెప్పుట, వాంతులు కడిగి తెల్లవారి ఏమీ జరుగనట్లు ఉండుట - ఇవన్నీ ఆమె ప్రేమతోనో భయముతోనో చేస్తుంది. ఏది మానవచ్చునో, ఏది మానితే ప్రమాదమో ఆమెకు కూడ ఒకరు చెప్పవలెను. కొట్టే భర్త అయితే మొదట ఆమె, పిల్లలు క్షేమముగా ఉండే చోటు చూడవలెను. కౌన్సిలింగు ఆ తరువాతి మాట. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమము స్త్రీలు ఈ బాధను ఇంటినుండి వీధికి తెచ్చిన సందర్భము. దానివలన 1993లో సారా, 1995లో మొత్తము మద్యము నిషేధింపబడినవి. 1997లో నిషేధము సడలినది. దుకాణములు మూయుటకు చట్టము వచ్చినది గాని, అప్పటికే వ్యసనపడినవారికి చికిత్సాలయములు ఆ స్థాయిలో వెలయలేదు.

ఎక్కడికి పోవలెను?

2019లో కేంద్ర సామాజిక న్యాయశాఖ ప్రకటించిన సర్వే ప్రకారము దేశములో మద్యమునకు బానిసలైనవారు సుమారు 2.9 కోట్లు. వారిలో 38 మందికి ఒక్కరు మాత్రమే ఏదో ఒక చికిత్స పొందినట్లు చెప్పినారు. ఆసుపత్రిలో చేరినవారు 180 మందికి ఒకరు.

ఈ కొరతను చూచి ఊరిబయట వెలసే ప్రైవేటు కేంద్రములు కొన్నింటిలో కొట్టుట, కట్టివేయుట జరుగుచున్నట్లు వార్తలు వస్తుంటవి. 2017 మానసిక ఆరోగ్య చట్టము మద్యపాన సంబంధమైన మానసిక స్థితులను కూడ తన పరిధిలో చేర్చినది. ఆ చట్టము ప్రకారము రోగిని గొలుసులతో బంధించుట నిషిద్ధము. చేర్పించేముందు కేంద్రమునకు రిజిస్ట్రేషను ఉన్నదా, డాక్టరు ప్రతిదినము వస్తాడా, ఇంటివారిని చూడనిస్తారా అని అడుగవలెను. చూడనివ్వమంటే అక్కడ చేర్చకుండుటయే మంచిది.

మానిన కొన్ని నెలలకు మళ్లీ త్రాగినవారిని చూచి "వీడింతే" అని అందరూ చేయి వదలుతారు. రక్తపు పోటు మందు మానితే పోటు తిరిగి వచ్చినట్లే ఇదియు వస్తుంది. పెండ్లి, పండుగ, చావు, జీతము వచ్చిన దినము, తగవు పడిన రాత్రి - ఏ సందర్భములో జారినాడో తెలిసికొంటే తరువాతిసారి ఆ చోట జాగ్రత్తపడవచ్చును. జారిన మరుదినమే కౌన్సిలరు వద్దకు పోవుట అన్నిటికన్న ముఖ్యము. సిగ్గుపడి నెల ఆగితే పాత పరిమాణమునకు చేరుకొంటాడు.

ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఎర్రగడ్డలోను, విశాఖపట్టణములోను కలవు. బోధనాసుపత్రులలోని మానసిక వైద్య విభాగములలో చికిత్స లభిస్తుంది. ఆసుపత్రికి పోవుటకు వెనుకాడేవారు 14446 అను నంబరుకు ఉచితముగా ఫోను చేయవచ్చును. అది మత్తుపదార్థముల వ్యసనములకై కేంద్ర ప్రభుత్వము నడిపేది. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్ నంబరు 14416. త్రాగేవాడే చేయనక్కరలేదు; భార్య గాని, కొడుకు గాని, తల్లి గాని చేయవచ్చును. రాత్రింబగళ్లు తెలుగులో మాటలాడేవారు అక్కడ ఉంటారు.